సీసం గది

అతిథులు వచ్చే రోజున పనివాళ్లు ఎవరూ కనపడకూడదని పై నుంచి మాట వచ్చింది. ఆ మాట అమలు చేసినవాడు నాగరాజ్.

బెంగుళూరులో హూడి దాటి కొంచెం లోపలికి పోతే పాత బ్యాటరీ ఫ్యాక్టరీ ఉంది. మూతబడి ఏళ్లు గడిచాయి. నడిచినన్నాళ్లూ లారీలకూ బస్సులకూ బ్యాటరీలు చేసి, సీసాన్నీ యాసిడ్‌నూ నేలకు తాగించారు. ఇప్పుడు ఆ చోటును ఒక కంపెనీ కొన్నది. పాత గోడలను పడగొట్టబోమని, పాత ఇటుకనే మళ్లీ వాడతామని, విషం పట్టిన మన్ను తీయించి వాననీటి కుంటలూ చెట్లూ నడకదారులూ పెడతామని చెప్పింది. మెయిన్ రోడ్డు మీద ముందు గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టింది. దాని మీద కన్నడంలో, ఇంగ్లీషులో ఒకటే మాట: పాత నేలకు కొత్త ఊపిరి.

మాట మంచిదే. నేల బాగుపడితే ఎవరికి చేదు? అయితే ఆ నేలను తవ్వి తట్టలకెత్తే మనుషుల ఊపిరి సంగతి ఆ బోర్డు మీద లేదు.

తవ్వేవాళ్లు మడకశిర వైపు పల్లెల వాళ్లు. బోర్లు ఎండి, వేరుశనగ మాడిపోయి, నాగరాజ్‌ను నమ్ముకుని బెంగుళూరుకు వచ్చినవాళ్లు. నాగరాజ్ వాళ్లకు మేస్త్రి. సగంమంది అతని చుట్టాలే. అక్కయమ్మ అయితే సొంత వదిన. పసితనంలో తల్లి పోతే అతన్ని చంకనేసుకుని పెంచింది ఆమె. అన్న పోయాక, ముసలి వయసులో, ఆమె కూడా అతని చేతికింద తట్ట మోయడానికి వచ్చింది.

ఆ పొద్దున సైట్ ఇంజనీరు సురేశ్ నాగరాజ్‌ను పక్కకు పిలిచాడు.

"అవార్డు ఇచ్చేవాళ్లు వస్తాండారప్పా. ఫారిన్ వాళ్లు కూడా ఉండారు. మీవాళ్లు హవాయి చెప్పులేసుకోని, మూతికి తువ్వాలు చుట్టుకోని గుంతలో కనపడితే కంపెనీకి మర్యాద ఉండదు. ఆ ప్లేట్ల గదిలో కూర్చోబెట్టు. ఒక గంట, అంతే."

ప్లేట్ల గది అంటే ఒకప్పుడు బ్యాటరీల్లో పెట్టే సీసం పలకలు పేర్చిన గది. పనివాళ్లు దాన్ని సీసం గది అనేవాళ్లు. నేల మీద బూడిదరంగు దుమ్ము ఇంకా మేట వేసి ఉంది.

"దానికి కిటికీలు ల్యావు సార్," అన్నాడు నాగరాజ్.

"గంట సేపటికి కిటికీలు ఏంటికి? బయట గడియ పెట్టు. ఎవడైనా బీడీకని బయటికొస్తే నా ఉద్యోగం పోతాది, నీ మేస్త్రిరికమూ పోతాది."

నాగరాజ్ నవ్వుతూ వచ్చి తనవాళ్లతో చెప్పాడు. "ఈ పొద్దు మనకు రెస్టు. లోపల కూర్చోని కథలు చెప్పుకోండి పాండి." వాళ్లూ నవ్వుకుంటూనే లోపలికి పోయారు. అక్కయమ్మ గడప దగ్గర ఆగింది.

"ఒరే నాగా, నీళ్ల బిందె పెట్టిస్తివా?"

"ఒక గంటే గదా వదినా."

తలుపు మూసి, గడియ వేశాడు.

అతిథులు కార్లలో దిగారు. వాళ్లకు తెల్ల హెల్మెట్లు ఇచ్చారు, కొత్త బూట్లు ఇచ్చారు, మంచి మాస్కులు ఇచ్చారు. గుంత పక్కన వేసిన పచ్చ తివాచీ మీద నాలుగడుగులు నడవడానికి అవన్నీ. కంపెనీలో పర్యావరణం పనులు చూసే మేనేజరు వరూధిని ముందు నడుస్తూ ఇంగ్లీషులో వివరిస్తోంది. విజయవాడ అమ్మాయి. నాగరాజ్‌కు అర్థమైనవి రెండు మూడు మాటలే. 'హీలింగ్' అన్న మాట మటుకు ఆమె పదే పదే అంది.

అతిథుల్లో ఒక పెద్దాయన నిలబడి, పనివాళ్లు ఏరీ అని అడిగాడు. సేఫ్టీ ట్రైనింగులో ఉన్నారని సురేశ్ చెప్పి, "అంతే గదప్పా?" అని నాగరాజ్ వైపు తిరిగాడు. నాగరాజ్ తల ఊపాడు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల ఎవరో దగ్గారు. ఆగకుండా, లోతుగా వచ్చే దగ్గు. అది తన పనివాళ్లలో ఒకడైన ఓబళప్పదని నాగరాజ్‌కు తెలుసు. అతిథి తల తిప్పబోతున్నాడు. నాగరాజ్ పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని తానే గట్టిగా దగ్గాడు. మళ్లీ మళ్లీ దగ్గి, "సారీ సార్, దుమ్ము," అన్నాడు. వరూధిని అతని ముఖం వైపు ఒకసారి చూసి, అతిథులను మొక్కలు నాటే చోటికి తీసుకుపోయింది.

మొక్కలు నాటారు. ఫోటోలు దిగారు. షామియానా కింద భోజనాలకు కూర్చున్నారు. గంట ఎప్పుడో దాటింది. నాగరాజ్ సీసం గది తలుపు ముందుకు వచ్చి నిలబడి, అక్కడి నుంచి కదల్లేదు. లోపలి నుంచి మెల్లగా తట్టారు.

"నాగా, ఆడోళ్లం ఒకసారి బయటికి పోవాల. తీయి నాయనా."

"ఇంగ రవ్వంత సేపు వదినా. ఓర్చుకోండి."

"నాకు చక్కెర రోగం గదరా. నీకు తెలీదా? ఓర్చుకోలేను."

"తింటాండారు వదినా. అయిపోవచ్చింది."

ఇంకోసారి తట్టారు. తర్వాత తట్టడం ఆగింది.

చివరి కారు పోయాక తలుపు తీశాడు. మొదట మగవాళ్లు వచ్చారు. ఒక్కడూ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. అందరూ నేలచూపులు చూసుకుంటూ, ఒకరిని ఒకరు తాకకుండా పోయారు. వాళ్ల వెనక ఆడవాళ్లు. అందరికంటే వెనక, వనజ అనే పడుచుపిల్ల భుజం పట్టుకుని, అక్కయమ్మ. చీర కుచ్చిళ్లు తడిసి, బూడిదరంగు దుమ్ము అంటుకుని ఉన్నాయి. గదిలోంచి వాసన వచ్చింది. అప్పటికి నాగరాజ్‌కు అర్థమైంది.

సురేశ్ అటు వచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఛీ! మనుషులా గొడ్లా? కడిగించప్పా."

నాగరాజ్ నోట్లో చాలా మాటలు ఉన్నాయి. బయటికి వచ్చింది ఒకటే. "సరే సార్."

ఎవరినీ పిలవలేక తానే బక్కెట్టు తెచ్చుకుని, చీపురు పట్టుకుని, ఆ గది కడిగాడు. కడిగితే తన భారం రవ్వంత తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు.

*

వాళ్లు ఉండేది వర్తూరులో. చెరువు పక్క పల్లంలో కాంట్రాక్టరు వేయించిన రేకుల షెడ్లు. వాటి వెనక బూడిదరంగు మన్ను గుట్టలు గుట్టలుగా పడి ఉంది. ఫ్యాక్టరీలో తవ్విన మన్నే. ఎక్కడో దూరాన శుద్ధి చేసే చోటికి పోతోందని కంపెనీ అందరికీ చెబుతుంది. టిప్పర్లు మాత్రం దగ్గరని ఇక్కడే దింపుతాయి. ఇందులో దాచింది ఏమీ లేదు, అందరికీ తెలుసు. పిల్లలు ఆ గుట్టల మీద జారుడుబండ ఆడతారు. కోళ్లు పెంచిన ఇళ్లలో కోళ్లు బతకలేదు. వాన పడితే ఆ నీళ్లు చెరువులోకి పోతాయి. నాగరాజ్‌కు కూడా తెలుసు. తెలిసీ, తన పని తవ్వించడం వరకేనని అనుకునేవాడు.

ఆ సాయంత్రం అక్కయమ్మ ఎప్పటిలాగే అతనికి కంచంలో రాగి ముద్ద పెట్టి, ఆకుకూర పప్పు పోసింది. పెట్టి దూరంగా నిలబడింది.

"తినండి మేస్త్రీ."

నాగరాజ్ తలెత్తాడు. ఊర్లో పెళ్లాం ముందరైనా, ఇక్కడ పనివాళ్ల ముందరైనా ఆమె అతన్ని 'ఒరే' అనే పిలిచేది. అట్లా పిలిచే మనిషి అతనికి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

"ఏంది వదినా ఇది?"

"తప్పేముండాది? మీరు పెద్దోళ్లయిపోతిరి. మనుషుల్ని పెట్టి గడియేసే అధికారం ఉండాది మీకు. మిమ్మల్ని 'రా' అంటే బాగుంటాదా?"

కోపంగా అనలేదు. పరాయి ఇంటి మనిషికి నీళ్లిచ్చినంత మర్యాదగా అంది. నాగరాజ్ కంచం పక్కకు పెట్టాడు. చెప్పు తీసుకుని కొట్టి ఉంటే కాళ్ల మీద పడేవాడు. ఆ 'మీరు' అన్న మాట ముందు ఎక్కడ పడాలో అతనికి తెలియలేదు.

మర్నాడు ఆదివారం. షెడ్ల ముందు అందరూ చేరారు. టిప్పర్ డ్రైవరు రియాజ్ పిలిస్తే కట్టడ పనివాళ్ల సంఘం నుంచి సుమ వచ్చింది. రియాజ్ చింతామణి వాడు, వర్తూరులోనే కాపురం. సుమ బెంగుళూరులో పుట్టి పెరిగిన తెలుగు మనిషి, ఒకప్పుడు తనూ ఇటుకలు మోసింది. నాగరాజ్‌ను ఎవరూ పిలవలేదు. కొళాయి దగ్గర నిలబడ్డాడు.

పెద్దవాడు ఓబళప్ప ముందుగా నోరు తెరిచాడు. "జరిగింది జరిగిపాయ. దీన్ని నలుగుర్లో పెడితే మన ఆడోళ్ల పరువే పోతాది. ఊర్లో తెలిస్తే ఎట్ల తలెత్తుకుంటాం?"

"అందుకే ఊరికి పోదాం పాండి," అన్నాడు వనజ మొగుడు వెంకటేశ్.

"ఊర్లో ఏముండాదిరా? తాగనీకి నీళ్లు ల్యావు."

"ఇక్కడ మాత్రం? విషం తాగతాండాం."

గొంతులు లేచాయి. పోదామని కొందరు, ఓర్చుకుందామని కొందరు, సురేశ్ కాళ్లు విరగ్గొడదామని కొందరు. ఆ గది సంగతి మాత్రం అందరూ 'అది', 'ఆ పొద్దు జరిగింది' అంటున్నారే తప్ప పేరు పెట్టి చెప్పడం లేదు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు.

అక్కయమ్మ లేచి నిలబడింది.

"ఓబళప్ప మామా, పరువు పరువు అంటివి. నా పరువే గదా, నేనే చెప్తా ఇనండి. తలుపు కొట్టినా. బతిమలాడినా. తీయల్య. మూలకు పోయి కూర్చుంటి. మీరందరూ గోడకల్ల తిరుక్కుంటిరి. ఈ వనజ కొంగు అడ్డం పట్టె. నా యెనకాల ఇంగా కొంతమంది ఆడోళ్లు కూర్చునిరి. జరిగింది ఇదీ. దీంట్లో నేను చేసిన తప్పేంది? నన్ను చూసి మీరు తల దించుకుంటాండారు, మిమ్మల్ని చూసి నేను దించుకుంటాండా. గడియ పెట్టించినోడు మాత్రం మొక్కలు నాటి, ఫోటో దిగి, అన్నం తిని పోయినాడు. వానికి ల్యాని సిగ్గు మనకేంటికి?"

ఓబళప్ప దగ్గుతూ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు వనజ, "నేనూ కూర్చుంటి," అంది, మొగుడి వైపు చూడకుండా. ఆమె వెనక ఇంకొకతె అంది. "నేనూ."

వెంకటేశ్ ఒక్క ఉరుకున కొళాయి దగ్గరికి వచ్చి నాగరాజ్ చొక్కా పట్టుకున్నాడు. "నీకు వదినే గదరా! తల్లి గదరా!"

"సురేశ్ సార్ చెప్పినాడు..." అన్నాడు నాగరాజ్.

"చెప్పింది ఆయప్ప. చెయ్యి నీది గదప్పా," అంది సుమ.

వెంకటేశ్ చెయ్యెత్తాడు. అక్కయమ్మ అడ్డం వచ్చింది.

"వదులు వెంకటేశా. ఈయప్పను కొడితే రేపు ఇంగొకడొచ్చి ఆ తలుపేస్తాడు. మనం కూర్చోవాల్సింది ముందు గేటు కాడ."

ఆ మాట మీద సభ మలుపు తిరిగింది. ఏమి అడగాలన్నది పెద్ద తగవే అయింది. మన్ను తవ్వే పనే ఆపించాలన్నాడు వెంకటేశ్. రియాజ్ ఒప్పుకోలేదు. "ఆపితే విషం యాడికి పోతాది? ఆ నేలలోనే ఉంటాది. బోర్లలోకి దిగుతాది. తాగేది మనమే గదా?" ఆడవాళ్లు ఒకరి మాట మీద ఒకరు అందుకున్నారు. అతిథులకిచ్చిన మాస్కులు, బూట్లు మాకూ ఇవ్వాల. పని దిగినాక ఒళ్లు కడుక్కోనీకి నీళ్లు కావాల. ఆడోళ్లకు మరుగుదొడ్డి కావాల. పిల్లలతో సహా అందరికీ రక్తం పరీక్ష చేయించాల. ఈ గుట్టలు ఇక్కడి నుంచి ఎత్తాల.

"నేల బాగుచేసే పని మనదే," అంది సుమ. "మనం తవ్వకపోతే ఎవరు తవ్వుతారు? అయితే మనల్ని పాడుచేసి నేలను బాగుచేస్తామంటే కుదరదు. అదీ మాట."

నాగరాజ్ పక్కనుంచి పోతూ ఓబళప్ప ఆగాడు. "రేపు మేము గేటు కాడ ఉంటాం. నువ్వు యాడుంటావో నువ్వే చూసుకో," అన్నాడు.

*

సోమవారం నాగరాజ్ లేచేసరికి షెడ్లు ఖాళీగా ఉన్నాయి. మేస్త్రి అయ్యాక ఎప్పుడూ మనుషుల ముందర నడిచినవాడు, ఆ రోజు ఒక్కడే బస్సెక్కి వెనక పోయాడు.

పనివాళ్లకు ఎప్పుడూ వెనక గేటే. ఇప్పుడు అందరూ ముందు గేటుకు అడ్డంగా, బోర్డు కింద కూర్చున్నారు. మన్ను నింపిన టిప్పర్లను రియాజ్, అతని తోటి డ్రైవర్లు వర్తూరుకు తోలకుండా రోడ్డు వారగా వరుసగా ఆపేశారు. ఆఫీసులకు పోయే ఐటీ పిల్లలు స్కూటర్లు ఆపి చూస్తున్నారు, కొందరు ఫోన్లలో తీస్తున్నారు.

నాగరాజ్ అక్కడ కూర్చోలేదు. సురేశ్ ఫోన్ చేస్తే పక్క దారిన క్యాబిన్‌లోకి పోయాడు. ఏసీ చల్లగా ఉంది. టీ ఇస్తే తాగాడు. తాగుతున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది, అయినా కప్పు పెట్టేయలేదు.

"చూడప్పా," అన్నాడు సురేశ్. "ముళబాగిలు కడ నుంచి బైరప్ప గ్యాంగు వస్తాండాది. మీవాళ్లు పోతే పోనీ. నువ్వు ఉండు. వాళ్లకూ నువ్వే మేస్త్రివి. వాళ్లని వెనక గేటుతో లోపలికి తీసకపో."

ఆ మాట నాగరాజ్‌కు ఒక్క క్షణం తియ్యగానే తగిలింది. ఊరికి ఏ ముఖం పెట్టుకుని పోవాలా అని రాత్రంతా బాధపడ్డవాడు. ఎవరికీ ముఖం చూపించకుండా, కొత్త మనుషుల మధ్య, కొత్తగా మేస్త్రిగా ఉండొచ్చు. వాళ్లకు ఏమీ తెలియదు గదా.

వరూధిని లోపలికి వచ్చింది. నిద్ర లేని ముఖం. సురేశ్‌ను కాదని నాగరాజ్‌తో మాట్లాడింది.

"ఆ రోజు నాకు వినిపించిందండీ. దగ్గింది మీరు కాదని నాకు తెలుసు. అప్పుడే ఆగి అడగాల్సింది. గెస్ట్స్ ముందు సీన్ అవుతుందని..." ఆమె మాట మధ్యలో వదిలేసింది. "హెడ్ ఆఫీసుకి నేను రిపోర్ట్ పంపిస్తాను. కొంచెం టైమ్ ఇవ్వమని వాళ్లతో మీరు చెప్పండి. ప్లీజ్."

నాగరాజ్ ఆమె ముఖంలోకి చూశాడు. అద్దంలో చూసుకున్నట్టు అనిపించి కళ్లు తిప్పుకున్నాడు. లోపల మనుషులు ఉన్నారని తనకు తెలుసు, సురేశ్‌కు తెలుసు, ఈ అమ్మాయికీ తెలుసు. తెలిసినవాళ్లు ముగ్గురూ తెలియనట్టు నిలబడ్డారు గనుకనే ఆ తలుపు అంతసేపు మూసి ఉంది. ఇప్పుడు మళ్లీ అదే అడుగుతున్నారు, ఇంకొంచెం సేపు ఓర్చుకోమని. తానూ వదినతో అదే అన్నాడు.

"మీరే వచ్చి చెప్పండి మేడమ్. వాళ్లు బయటే ఉండారు," అని కప్పు పెట్టి లేచాడు.

ఆమె రాలేదు.

నాగరాజ్ బయటికి వచ్చేసరికి బైరప్ప గ్యాంగు లారీ, వెనక గేటు దారి తెలియక, ముందు గేటు దగ్గరే ఆగి ఉంది. లారీ నిండా మనుషులు, గడ్డపారలు, తట్టలు. గేటు ముందరి ఆడవాళ్లు లేచి లారీని చుట్టుముట్టారు. పైనుంచి బైరప్ప అరిచాడు. బలమైన మనిషి, మెడకు ఎర్ర తువ్వాలు.

"ఏమమ్మా, మా కడుపు కొట్టనీకి కూర్చుంటిరా? జరగండి, పనికి పోవాల!"

"మా కడుపు మీద కాలు పెట్టి పోతావా పనికి?" అంది అక్కయమ్మ. "దిగి మాట ఇను. తర్వాత నీ ఇష్టం."

"ఏం ఇనాల? మా ఊర్లో వానలు ల్యావు. మాకు మాటలు కాదు, పని కావాల."

"మాకూ అదే కావాలప్పా! పని కోసమే వస్తిమి. గొడ్లను దొడ్లో పెట్టినట్టు పెట్టి గడియేసిరి."

లారీ మీద ఎవరో నవ్వారు. "గడియేసినారంట! కథలు చెప్తాండారు."

ఆ నవ్వుకు ఆడవాళ్లు మండిపడ్డారు. పైనుంచి తట్టలు విసిరారు, కింద నుంచి బూతులు లేచాయి. మడకశిర వాళ్లూ ముళబాగిలు వాళ్లూ, ఒకే భాష వాళ్లు, ఒకే కరువు వాళ్లు, ఒకరినొకరు లాగి కొట్టుకునేదాకా వచ్చింది. గేటు లోపల సురేశ్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

బైరప్ప కళ్లు నాగరాజ్ మీద పడ్డాయి. "ఇక్కడ మేస్త్రివి నువ్వే గదా? సార్ ఫోన్లో నీ పేరే చెప్పినాడు. నువ్వు చెప్పప్పా. ఈయమ్మ చెప్పేది నిజమేనా?"

గుంపు అంతా అతని వైపు తిరిగింది. అక్కయమ్మ మాత్రం తిరగలేదు.

"నిజమే," అన్నాడు.

"ఏం నిజం? గట్టిగా చెప్పు."

"గదిలో పెట్టి గడియేసింది నిజం. ఏసింది నేనే. మా వదిన తీయమని అడిగె. తీయల్య." గేటు లోపలున్న సురేశ్ వైపు చూపించి మళ్లీ అందుకున్నాడు. "మిమ్మల్ని లోపలికి తీసకపోమని ఇప్పుడే చెప్పినారు నాకు. మళ్లా అతిథులొస్తే మీకూ గడియ పెట్టమంటారు. నాతోనే పెట్టిస్తారు."

బైరప్ప అతన్ని కిందా పైకీ చూసి, పక్కకు తిరిగి ఉమ్మాడు. ఆ ఉమ్ము నేల మీదే పడింది గాని, నాగరాజ్ ముఖం తుడుచుకున్నాడు.

"దిగండ్రా," అన్నాడు బైరప్ప తనవాళ్లతో.

తట్టలూ గడ్డపారలూ లారీలోనే వదిలి ఒకరి వెనక ఒకరు దిగారు. వనజ రవ్వంత పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకెవరో ఏడ్చారు. నాగరాజ్ అందరికంటే వెనక, ఎండలో, ఒంటరిగా కూర్చున్నాడు.

పోలీసులు వచ్చేసరికి గుంపు రోడ్డు దాకా నిండింది. పక్కనే అపార్టుమెంట్లు కడుతున్న కూలీలు భోజనం వేళకు వచ్చి మళ్లీ పనికి పోలేదు. ఎస్.ఐ. కన్నడంలో గద్దించాడు. నాయకుడు ఎవరని అడిగితే సురేశ్ వేలు చూపించాడు. టిప్పర్లు అడ్డం పెట్టినవాడు రియాజ్, రెచ్చగొట్టింది ఆ ముసలామె.

"మమ్మల్ని గదిలో పెట్టి గడియేసినారు సామీ, ముందు అది రాసుకోండి," అంది అక్కయమ్మ.

"ఎవరూ వేయలేదు సార్, అబద్ధం," అన్నాడు సురేశ్. "మేస్త్రిని అడగండి."

ఎస్.ఐ. నాగరాజ్‌ను ముందుకు పిలిచాడు. ఇందాక కూలీల ముందు చెప్పడం వేరు, ఖాకీ ముందు చెప్పడం వేరు. అయినా అదే చెప్పాడు. "ఏసినాను సార్. ఈ సార్ ఏయమంటే ఏసినాను."

"మనుషుల్ని బంధించడం నేరం. కేసు నీ మీదే పడుతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

అతన్నీ రియాజ్‌నూ జీపు ఎక్కించారు. సురేశ్ జోలికి ఎవరూ పోలేదు. జీపు కదలబోతే అక్కయమ్మ రెండు చేతులూ బానెట్ మీద పెట్టి నిలబడింది.

"ఏసినోడు దొరికె. చెప్పినోడు ఏడి?"

వెంకటేశ్ అందుకున్నాడు. "చెప్పినోడు ఏడి?" బైరప్ప మనుషులు అందుకున్నారు. అపార్టుమెంట్ల కూలీలు, వాళ్లకు తెలుగు రాకపోయినా, అందుకున్నారు. "చెప్పినోడు ఏడి? చెప్పినోడు ఏడి?" ఆ కేక గేటు దాటి, అద్దాల ఆఫీసులకు తగిలి తిరిగొచ్చింది. లాఠీలు లేచాయి. ఓబళప్ప కింద పడ్డాడు. వనజ అతని మీద అడ్డంగా పడి దెబ్బ తిన్నది. జీపు దారి చేసుకుని పోయింది.

జీపు వెనకే జనమంతా స్టేషన్‌కు నడిచారు.

నాగరాజ్‌ను లోపల బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎస్.ఐ. మెత్తగానే చెప్పాడు. ఇంజనీరు పేరు వెనక్కి తీసుకుంటే సాయంత్రానికి ఇంటికి పోవచ్చని. నాగరాజ్ తల అడ్డంగా ఊపాడు. ధైర్యంతో కాదు. పోవడానికి ఇల్లు ఏదని.

బయట ఆడవాళ్లు వరుస కట్టారు. రాసే కానిస్టేబుల్ ఆడమనిషే. అక్కయమ్మ చెప్పింది రాసుకుని, "ఒకళ్లు చాలమ్మా, అందరిదీ ఒకటే గదా," అంది.

"ఒకటి కాదు," అంది వనజ, పగిలిన నుదుటి మీద కొంగు అదుముకుంటూ. "ఆయమ్మకు జరిగింది ఆయమ్మ చెప్పింది. నాకు జరిగింది నేను చెప్పాల."

ఒక్కొక్కరూ చెప్పారు. ఊర్లో అయితే తోబుట్టువుతో కూడా అనలేని మాటలను పోలీసు స్టేషన్‌లో, మగవాళ్లు వింటుండగా, గట్టిగా చెప్పారు. ప్రతి ఒక్కరి మాటలోనూ ఒక వాక్యం ఉంది: తలుపేసింది మా మేస్త్రి నాగరాజ్, ఏయమన్నది ఇంజనీరు సురేశ్. బెంచీ మీద నాగరాజ్ ఆ వాక్యం ప్రతిసారీ విన్నాడు. చెవులు మూసుకోలేదు. అతని సిగ్గు పోలేదు, పోకూడదనే అనుకున్నాడు. పక్కన రియాజ్ అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. అక్కయమ్మ కిటికీ పక్కనుంచి పోయింది. లోపలికి చూడలేదు.

రాసి రాసి కానిస్టేబుల్ చెయ్యి విదిలించుకుంది. కాగితాల మీద సురేశ్ పేరు ఇన్నిసార్లు పడ్డాక దాన్ని ఎట్లా తీసేయాలో తెలియక ఎస్.ఐ. ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఆడవాళ్ల వరుస అయిపోయింది. అయినా వరుస ఆగలేదు. ఎర్ర తువ్వాలు వేసుకున్న మనిషి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వెవరప్పా? నిన్నూ ఆ గదిలో పెట్టినారా?" అంది కానిస్టేబుల్.

"ల్యామ్మా. ముళబాగిలు నుంచి ఈ పొద్దే దిగినాం," అన్నాడు బైరప్ప. "మమ్మల్నింకా ఏ గదిలోనూ పెట్టల్య. పెట్టకముందే రాసుకోండి."